ఇంట్లో ఎవరూ లేని గంటలు: కథకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ప్రమాదంలో పడే కథలు రాస్తున్నారు. రాసింది చదువుకుంటే తమకే నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. కొన్నిటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పదిహేనేళ్ల అమ్మాయి కథ రాశాను. తల్లిదండ్రులిద్దరూ పనులకు పోతారు. పిల్ల చేతికి ఫోన్ వస్తుంది. అందులో ఒకడు పరిచయమవుతాడు. వాడి వెంట వెళ్లిపోతుంది. పత్రికవాళ్లు ‘ఉపన్యాసంలా ఉంది’ అని తిప్పి పంపారు. ఎక్కడ చెడింది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ కథలో ఫోన్ కొన్న రోజు నుంచి ప్రమాదం మొదలైంది. అది అంతకు ఏడాది ముందే మొదలవ్వాలి. ఆ పిల్లను ఇంట్లో ఎవరూ ఏమీ అడగని కాలం ఒకటుంది. దాన్ని మీరు ‘తల్లిదండ్రులు తమ పనుల్లో మునిగిపోయారు’ అని ఒక్క వాక్యంలో దాటేశారు. కథంతా ఆ వాక్యంలోనే ఉంది.

ముందు కాగితం తీసుకుని పిల్లకు ఒక రోజు పట్టిక వేయండి. మూడు గడులు చాలు. ఏ గంటకు ఎక్కడుంది, పక్కన ఎవరున్నారు, అక్కడుందని ఇంట్లో ఎవరికి తెలుసు. మూడో గడి ఎక్కడ ఖాళీగా ఉందో అక్కడ కథ ఉంటుంది.

ఉదాహరణకు తల్లి శ్రీసిటీలో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తోందనుకుందాం. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ‘ఏ’ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా బి షిఫ్టు, పది నుంచి తెల్లారి ఆరు దాకా సి షిఫ్టు. వారానికోసారి మారుతుంది. కంపెనీ బస్సు ప్రయాణం రానూ పోనూ అదనం. తండ్రి తిరుమల ఘాట్‌లో ట్యాక్సీ తోలతాడు. సెలవులొచ్చి రద్దీ పెరిగితే రాత్రీ పగలూ ఉండదు. బి షిఫ్టు వారంలో పిల్ల నాలుగున్నరకు బడి నుంచి వచ్చి తాళం తీసుకుంటే, తల్లి ఇల్లు చేరేది పదకొండు దాటాక. ఆరున్నర గంటలు. ‘ఏ’ షిఫ్టు వారంలో తల్లి ఇంట్లోనే ఉంటుంది గానీ తెల్లారి నాలుగుకు లేవాలి కాబట్టి రాత్రి ఎనిమిదికే నిద్రపోతుంది. రెండూ ఖాళీలే. రెండో ఖాళీ రాయడం కష్టం, అందుకే అదే బాగుంటుంది.

ఇప్పుడు కింద రీచార్జ్ షాపువాడిని తీసుకురండి. ఈ వారం వాళ్లమ్మది ఏ షిఫ్టో తండ్రికి గుర్తుండదు. వాడికి గుర్తుంటుంది. ఈ ఒక్క వివరం పాఠకుడికి తెలిస్తే చాలు, ఆ తర్వాత వాడు ‘ఏం పాపా, తిన్నావా?’ అన్నా భయం వేస్తుంది.

నిర్లక్ష్యాన్ని దగ్గర నుంచి ఎలా చూపాలో ఒక ముక్క రాసి చూపిస్తాం:

*అమ్మ వచ్చేసరికి పదకొండుంబావు. చెప్పులు విప్పుతానే ‘తింటివా మే?’ అనింది. ‘తిన్న్యా.’ అమ్మ గిన్నె మూత తియ్యలేదు. పొద్దున పెట్టిపోయిన చారన్నం అట్లే ఉంది. కాళ్లు వాచినాయని గోడకు ఎత్తిపెట్టుకుని పడుకునింది. పాప దీపం ఆర్పేసి, అన్నం కవర్లో పోసి, తెల్లారి పారేద్దామని బడి సంచిలో పెట్టుకునింది.*

ఇక్కడ తల్లి చెడ్డది కాదు. ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి, అడగాల్సిన మొదటి మాట అడిగింది. రెండో మాట అడగలేదు, మూత తీయలేదు. మీ కథలో తల్లిని టీవీ చూస్తూ కూతుర్ని కసురుకునే మనిషిగా రాశారు. అలాంటి తల్లిని పాఠకురాలు చూసి ‘నేనట్లా కాదులే’ అనుకుని పేజీ తిప్పేస్తుంది.

ఇక వాడు పిల్లను లోబరుచుకునే క్రమం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) కేసుల్లో నిందితులు అత్యధికులు పిల్లలకు ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అందుకే ఫోన్‌లో ఊడిపడిన అపరిచితుడికంటే రోజూ కనబడేవాడే కథకు బలం. వాడు మొదట ఎవరూ ఆరా తీయని పిల్లను ఎంచుకుంటాడు. చిన్న సాయం చేస్తాడు, రీచార్జ్ అప్పుగా వేస్తాడు. తర్వాత వింటాడు. ఇంట్లో ఎవరూ వినని మాటలన్నీ వింటాడు. ఆ తర్వాత ఒక హానిలేని రహస్యం పుట్టిస్తాడు: ‘ఐస్‌క్రీమ్ తిన్నామని మీ అమ్మకు చెప్పొద్దులే, జలుబంటుంది.’ తర్వాత స్నేహితురాళ్ల మీద లేనిపోనివి చెప్పి విడదీస్తాడు. ఆపైన ఫొటో. ఆపైన బెదిరింపు.

చాలామంది సాయం నుంచి నేరుగా ఫొటోకు దూకేస్తారు. దాంతో పిల్ల తెలివితక్కువదిగా కనబడుతుంది, తప్పు ఆమె మీద పడుతుంది. రెండు వేల మాటల కథైతే ఐస్‌క్రీమ్ రహస్యానికి నాలుగు వందల మాటలు ఇవ్వండి, బెదిరింపుకు వంద చాలు. పాఠకుడికి తెలిసి పిల్లకు తెలియని సమయం ఎంత సాగితే ఆందోళన అంత పెరుగుతుంది. ప్రతి మలుపులోనూ ఒక పెద్దమనిషి పక్కనుంచి నడిచిపోవాలి. కొత్త ఇయర్‌ఫోన్లు చూసిన టీచర్, రాత్రి తొమ్మిదికి పిల్లను షాపులో చూసిన పక్కింటామె, ఫోన్‌లో మాట్లాడిన అవ్వ. ముగ్గురికీ అడగకపోవడానికి సబబైన కారణమే ఉండాలి.

ప్రశ్న: మారుతున్న సంస్కృతి పిల్లలను ఎలా చెడగొడుతోందో చూపాలని నవల మొదలుపెట్టాను. అవ్వ పాత పద్ధతులు చెబుతుంటుంది, మనవరాలు జీన్స్ వేసి రీల్స్ చేస్తుంటుంది. చదివినవాళ్లు ‘పాత చింతకాయ పచ్చడి’ అన్నారు.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: బట్టలను కథలోంచి తీసేయండి. బట్ట ఏ పిల్లనూ ప్రమాదంలోకి నెట్టలేదు. అలా రాసిన ప్రతి కథా నేరం చేసినవాణ్ని వదిలేసి పిల్లను బోనులో నిలబెడుతుంది.

మారింది పిల్ల చుట్టూ ఉండే మనుషుల అమరిక. వీధిలో అరుగులున్నప్పుడు సాయంత్రం నలుగురు ఆడవాళ్లు కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసేవాళ్లు. ‘ఎవరి బండిమే అది?’ అని అరిచి అడిగేవాళ్లు. అరుగు కొట్టేసి కారు పెట్టుకునే చోటు చేశారు. అడిగే నోళ్లు లోపలికి పోయాయి. మార్పును అలా ఇటుకా సున్నంలో చూపించండి. అదే సమయంలో ఆ అరుగు మీద మామ వరసయ్యేవాడూ కూర్చునేవాడని, ఆ కాలంలో ఆడపిల్ల నోరు విప్పితే పద్నాలుగేళ్లకే పెళ్లి చేసి మూసేసేవాళ్లని మీ అవ్వకు తెలుసు. ఆ అవ్వతో ఒక్కసారైనా ఆ సంగతి చెప్పించండి. అప్పుడామె మనిషవుతుంది.

తిరుపతి మీద రాస్తూ గంగజాతరను వదిలేశారేమని ఆశ్చర్యపోయాం. మే నెలలో జరిగే ఆ జాతర మీరు అడుగుతున్న విషయం గురించే. ఊళ్లో ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ వేషాలు మార్చుకుని తిరిగిందని, దాక్కున్నవాడు దొర వేషం చూసి బయటపడగానే సంహరించిందని స్థలకథ. బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, వేపమండలు. తర్వాత దొర వేషం, మాతంగి, సున్నపు కుండలు. ఆడపిల్లకు అన్యాయం చేసినవాణ్ని ఊరంతా కలిసి వెతికే పండగ మన సంస్కృతిలోనే ఉండగా, సంస్కృతి పేరు చెప్పి పిల్లనే తిట్టే నవల ఎందుకు?

దాన్ని ఇలా వాడుకోవచ్చు. పద్నాలుగేళ్ల అబ్బాయి తోటి వేషం వేస్తున్నాడు. ఒక ఏడాది వాడి ముఖానికి బొగ్గు పూసింది మేనమామ, మొక్కు ఇంటిది. రెండేళ్ల తర్వాత అదే వేషానికి ఎవరిదో అద్దె గదిలో, ఫోన్ కెమెరా చూసుకుంటూ పూసుకుంటున్నాడు, పక్కన ఇంటివాళ్లెవరూ లేరు. ముఖాలన్నీ నల్లగా ఉన్న గుంపులో తనవాడేనని గుర్తుపట్టే మనిషి లేడు. ‘ఎవరు పూశారు?’ అన్న ఒక్క ప్రశ్నతో మీ నవలకు కావలసిన మార్పు తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త: నేరాన్ని ఆచారం మీదికి నెట్టకండి. వేషానికి దాని నియమాలున్నాయి, అవి తెలిసినవాళ్లను అడిగి రాయండి.

ప్రశ్న: నా నవలలో పదహారేళ్ల అమ్మాయి రైల్వేస్టేషన్ నుంచి కనబడకుండా పోతుంది. పోలీసులు ‘24 గంటలు చూసి రండి’ అంటారు. అక్కడినుంచి పద్ధతులేమిటో తెలియక ఆగిపోయాను.
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: 24 గంటల నియమం ఎక్కడా లేదు. పిల్లలు కనబడలేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. ఏ స్టేషన్‌లో ఇచ్చినా, తమ పరిధి కాదనకుండా ‘జీరో ఎఫ్‌ఐఆర్’గా రాసుకోవాలి. రేణిగుంటలో ఎక్కితే మూడు గంటల్లో చెన్నైలో ఉంటారు కాబట్టి మొదటి గంట ఎంత విలువైనదో మీకే తెలుసు. మీ ఎస్సై ‘రేపు రండి’ అంటే అనిపించండి, కానీ అది తప్పని కథకు తెలిసి ఉండాలి. తండ్రికి తెలియదు, పక్కన నిలబడ్డ ఆటో డ్రైవర్‌కు తెలుసు. మంచి సన్నివేశం అవుతుంది. రైల్లో ఉందని అనుమానముంటే 139, ఎక్కడైనా 112, పిల్లల కోసం 1098. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే దర్యాప్తు మనుషుల అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్తుంది.

దొరికాక నేరుగా ఇంటికి పంపేయరు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఆ కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. ఇంటికే పంపాలా, వసతి గృహంలో ఉంచాలా అన్నది వాళ్లు తేలుస్తారు. ‘ఇంటికి పోను’ అని పిల్ల అనే అవకాశం ఇక్కడుంది. ఇంటి నిర్లక్ష్యం మొదటిసారి కాగితం మీదికెక్కేదీ ఇక్కడే. చాలా నవలలు ఈ గది దాకా రానేరావు.

లైంగిక నేరం జరిగి ఉంటే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. వాంగ్మూలం పిల్ల ఇంట్లో గానీ, తను కోరుకున్న చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు. కాబట్టి ఖాకీ బట్టలతో స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి గద్దించే సీను రాస్తే అది చట్ట ఉల్లంఘనగానే రాయాలి. సంగతి తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. మీ నవలలో ‘పిల్ల పేరు పాడవుతుంది’ అని దాచిన హెడ్‌మాస్టర్‌కు ఇది గట్టిగా వర్తిస్తుంది, సంస్థ నడిపేవాళ్లకైతే శిక్ష ఏడాది దాకా.

ఇంకోటి. మీ రెండో భాగంలో పదిహేడేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి ప్రేమించుకుని వెళ్లిపోయి సుఖంగా ఉన్నారు. పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టాన్ని పోక్సో లెక్కలోకి తీసుకోదు. అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేస్తే అబ్బాయి నిందితుడవుతాడు. దాన్ని ఎదుర్కోకుండా ఆ భాగం నిలబడదు.

ప్రశ్న: అబ్బాయి కథ. రెండెకరాల మామిడి తోట అమ్మి తండ్రి కొడుకును తిరుపతిలో ఇంటర్ హాస్టల్‌లో చేర్చాడు. వాడు క్రికెట్ పందేల్లో పడి అప్పు చేస్తాడు. ఇంత త్యాగం చేసిన తండ్రిది నిర్లక్ష్యం ఎలా అవుతుంది? చివర్లో అబ్బాయి చనిపోవాలా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: మాకు బాగా నచ్చిన ఉత్తరం ఇది. డబ్బు ఇచ్చి మనిషిని ఇవ్వకపోవడం ఈ ప్రాంతంలో ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నదే, దానికి పేరు పెట్టడానికే మొహమాటం. ఆదివారం ఫోన్ కాల్ రాయండి. తండ్రి అడిగేవి నాలుగు: టెస్టులో ఎంతొచ్చింది, ర్యాంకెంత, మొన్నటికంటే పెరిగిందా, ఫీజు రసీదు ఇచ్చినారా. కొడుకు ‘నాయినా...’ అని ఆగుతాడు. ‘చెప్పరా’ అనకుండా ‘సరే, చదువుకో’ అంటాడు. తోట అమ్మిన సంగతి తండ్రి ఎత్తకూడదు. ఎత్తితే కన్నీటి కథ అవుతుంది. కొడుకే ప్రతి పందెం ముందూ ఎకరం ధర లెక్కేసుకుంటాడు.

అప్పు లెక్క మీరు లక్షల్లో వేశారు. తగ్గించండి. పదిహేడేళ్లవాడికి ఎనిమిది వేలు చాలు, లోకం మునిగిపోతుంది. మొదట రూమ్మేట్ దగ్గర రెండు వందలు, ఐదు వందలు. తర్వాత బయట బంకువాడి దగ్గర ఐదు వేలు, నూటికి నెలకు పది రూపాయల వడ్డీ. అంటే నెలకు ఐదు వందలు, ఆరు నెలలకు వడ్డీయే మూడు వేలు. అసలు కదలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలు 2020 నుంచీ నిషేధం కాబట్టి వాడికి యాప్ మామూలుగా దొరకదు, ఎవరో లింకు పంపాలి. ఆ పంపినవాడూ అప్పిచ్చినవాడూ ఒక్కడే కావచ్చు.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అప్పిచ్చినవాడు కోర్టుకు పోలేడు. అందుకే బాకీ పనిగా వసూలు చేస్తాడు: ‘డబ్బులు వద్దులే, ఈ సంచి రేణిగుంట దాకా ఇచ్చిరా.’ సంచిలో గంజాయి ఉందని మూడోసారి గానీ వాడికి తెలియకూడదు. దొరికితే వాణ్ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బాలల న్యాయమండలి ముందుంచాలి. పిల్లలతో మత్తు పదార్థాలు మోయించినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఈ సంగతి పిల్లవాడికి ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. ఆ చెప్పని మనిషిని కథలో పెట్టండి, లెక్చరరో వార్డెనో.

చావు విషయం. వద్దని మా గట్టి మాట. రాసి తీరాలనుకుంటే పద్ధతి, చోటు, ఉత్తరం, చివరి మాటలు ఏవీ రాయకండి. ఆ వివరాలు అదే స్థితిలో ఉన్న పిల్లలకు దారి చూపిస్తాయి. చావును అప్పు తీరిన మార్గంగానో, తండ్రికి బుద్ధి చెప్పిన శిక్షగానో అస్సలు చూపకండి. వాడు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి, ఎత్తగానే పెట్టేసి, మళ్లీ చేసే సన్నివేశం రాసి చూడండి. దానికీ అంతే ఉత్కంఠ ఉంటుంది.

ప్రశ్న: పిల్లల సంభాషణలు కృత్రిమంగా వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఈ వయసు పిల్లలు పెద్దవాళ్లకు పూర్తి వాక్యాల్లో జవాబివ్వరు. ‘ఊఁ’, ‘తెల్దు’, ‘ఏం లే’. స్నేహితులతో అయితే ఆగకుండా మాట్లాడతారు. రెండూ పక్కపక్కన పెడితే చాలు. అబ్బాయిలు ‘మామా’, ‘రేయ్’ అనుకుంటారు. మీ పుత్తూరు వైపు తమిళం మాటలు సహజంగా దొర్లుతాయి, వాటిని దిద్దకండి. ఫోన్ సందేశాలు ఒక్కచోట మూడుకు మించి ఇవ్వకండి. ఈ ఏడాది నడిచే ఊతపదాలు రెండేళ్లకు పాతబడతాయి కాబట్టి వాటినీ పొదుపుగా వాడండి.

ప్రశ్న: అమ్మానాన్న బెంగళూరులో కట్టడం పనికి పోయారు. పిల్ల అవ్వ దగ్గర ఉంది. ఎవరో వెంటబడుతున్నారని తెలిసి అవ్వ పదహారేళ్లకే మేనమామకిచ్చి పెళ్లి చేస్తుంది. ఇది రక్షణా, ప్రమాదమా? కథ ఏ వైపు నిలవాలి?
– ఒక పాఠకురాలు, కుప్పం

జవాబు: పిల్ల వైపు. అవ్వకు అది రక్షణే. ఆమె చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే, ఆమెను తక్కువ చేయకండి. కానీ వెంటబడినవాడు స్వేచ్ఛగా తిరుగుతుంటే బడి మానేసింది పిల్ల. ఈ రెండూ ఒకే పేజీలో కనబడాలి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పెళ్లికి ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలి. బాల్యవివాహం చేసుకున్న పిల్ల తనకు 20 ఏళ్లు నిండేలోపు కోర్టులో రద్దు కోరవచ్చు. మీరు కథను పెళ్లిపందిట్లో ముగించారు. పంతొమ్మిదేళ్లప్పుడు మొదలుపెట్టి చూడండి. గడువుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి, ఆ సంగతి ఆమెకు ఎవరో చెప్పారు, బెంగళూరు నుంచి అమ్మ పండక్కి వస్తోంది. తల్లి ఎటు నిలబడుతుందో రాయండి.

ప్రశ్న: మా ఊరి దగ్గర నిజంగా జరిగిన సంఘటన పేపర్లో వచ్చింది. పేరు మార్చి రాయొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పేరు ఒక్కటి మారిస్తే చాలదు. బాధిత పిల్లలను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడాన్ని పోక్సో, బాలల న్యాయ చట్టం రెండూ నిషేధించాయి. ఊరు, బడి, కుటుంబం, ఇరుగుపొరుగు ఏదైనా సరే ఆనవాలు పట్టిస్తే చిక్కే. ఊరు మార్చండి, తల్లిదండ్రుల వృత్తి మార్చండి, పిల్ల వయసు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చేయండి, తోబుట్టువుల సంఖ్య మార్చండి, సంఘటన జరిగిన నెల, చోటు మార్చండి. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు ఒకరికి చదివి వినిపించండి. ‘ఇది ఫలానావాళ్ల పిల్ల కదా’ అని వాళ్లు అంటే మళ్లీ మొదటినుంచి మార్చండి.